సమ్మయ్య దిగిన చోటు

మా వీధిలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. సెలవు చీటీ నేనే రాయాలి, కరెంటు బిల్లు తగాదా నేనే రాయాలి. కాలేజీలో జియాలజీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌కి వేరే పనేముంటుందని వాళ్ళ నమ్మకం. ఆ రోజు ఐదు క్లాసులు చెప్పి, భద్రాచలం బస్సులో నిలబడి ఇంటికొచ్చాను. చెప్పులు విప్పకముందే గుమ్మంలో సమ్మయ్యన్న. మా పక్కింటాయన. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు, రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉంది.

"ఏం రాయాలన్నా?" అన్నాను, విసుగు దాచుకోకుండా.

"రాసుడు కాదు మేడం. గిదేందో జర చూడుండ్రి."

రుమాల్లోంచి తీసింది బొటనవేలి గోరంత ఉంది. ముదురు గోధుమ రంగు. పన్ను అని చూడగానే తెలిసింది. మొసలిదేమోలే అనుకుంటూనే లెన్సు పెట్టాను. కాదు. మొసలి పన్ను గుండ్రంగా మొనదేలి ఉంటుంది. ఇది వేపాకులా పలచగా, రెండంచులా పెద్ద పెద్ద గంట్లతో ఉంది. మాంసం చీల్చే పన్ను కాదు, ఆకులు కోసే పన్ను. మనిషి ఊసే లేని కాలంలో బతికిన ఏదో సరీసృపానిది.

హైదరాబాద్‌లో ఇలాంటి ఎముకల మీదే పనిచేసే కళ్యాణికి ఫొటోలు పంపాను. నాతోపాటు చదువుకుంది. పది నిమిషాల్లో ఫోన్.

"ఎక్కడిదే ఇది? మన దగ్గర ఇట్లాంటిది నేను చూడలేదు. సరిగ్గా ఏ పొరలో దొరికింది? పొర తెలిస్తేనే వయసు తెలిసేది. లేకపోతే అది అలమారాలో పెట్టుకునే రాయి, అంతే."

సమ్మయ్యన్నని అడిగితే నేల చూపులు చూశాడు. గనిలోనే అంటాడు గానీ ఎక్కడో చెప్పడు. మర్నాడు తనే ఒక కాగితం రాసి తెచ్చాడు. తిరుమలాయపాలెం దగ్గర రోడ్డు పక్కన కంకర కుప్పలో దొరికిందట. కింద సంతకం కూడా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అన్నా, అక్కడంతా గ్రానైటు! కరిగి గడ్డకట్టిన రాయిల పన్నెట్లుంటది? కళ్యాణి చూస్తే నా మొహాన ఉమ్మేస్తది."

"ఏ జాగైతే ఏంది మేడం? మీ పని నడవాలనే గద రాసిన."

ఆ మాటతో నా కోపం చల్లారిపోయింది. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. అప్పుడు నెమ్మదిగా బయటపెట్టాడు. గని లోపల డంపర్లు తిరిగే దారిలో బండి ఆపి దిగకూడదు. నిరుడు అట్లా దిగినతను వెనక బండి కింద పోయాడు. అప్పటినుంచి ఎవరు దిగినా ఛార్జిషీటే. సమ్మయ్యన్నకి షుగర్. ఆ పూట ఆపుకోలేకపోయాడు. రెండో బెంచి, అంటే గని గట్టుకి తవ్విన రెండో మెట్టు, మలుపులో దిగి గట్టు వైపు తిరిగి నిలబడితే, ఎదురుగా ఎర్రమట్టి పొరలో ఇది కనపడిందట.

"ముప్పై ఒక్కేండ్ల సర్వీసు మేడం. ఒక్క మెమో లేదు. మచ్చ లేకుండ బయటపడాలనుకున్న."

"సరే, ఆ జాగ వివరం నువ్వు రిటైరైనంకనే పంపుదాం లే."

"అప్పటిదాంక ఆ బెంచి ఉండదు. వచ్చే నెల బ్లాస్టింగు."

ఆ పన్ను తీసుకుపోయి ఏ గుంటలోనో పారేద్దామనిపించింది, నిజంగా. నాకెందుకొచ్చిన తలనొప్పి! చివరికి సమ్మయ్యన్నే గ్లాసు కిందపెట్టాడు.

"అసలు జాగనే రాయుండ్రి," అన్నాడు. బెంచి బొమ్మ కూడా తనే గీశాడు. రెండూ కళ్యాణికి పంపాను. ఎందుకు దిగాడో కళ్యాణి అడగలేదు, నేను చెప్పలేదు.

కళ్యాణి యూనివర్సిటీ వాళ్ళు, పన్ను ఎవరికి ఎక్కడ దొరికిందో చెబుతూ గనికి ఉత్తరం రాశారు. ఆ మలుపులో రెండు వారాలు పని ఆపారు. కళ్యాణి మనుషులు వచ్చి మట్టి జల్లెడ పట్టి, సంచుల్లో నింపుకుని పోయారు. ఆ జంతువు పేరు తేలడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుందట. ఛార్జిషీటు మాత్రం వారంలోనే వచ్చింది. సమ్మయ్యన్నని డంపర్ దింపి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

ఆ కాగితం పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చాడు. బండి ఎందుకు దిగాడో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అతని మొహం చూడ్డానికి నాకు సిగ్గేసింది. పెన్ను తీసుకున్నాను.

"షుగర్ సంగతే రాస్తానన్నా. దవాఖానా చీటీలు జతచేద్దాం. జబ్బు మనిషని మందలించి వదిలేస్తరు."

"వద్దు."

"వద్దంటే ఎట్లా? కావాలని దిగినవంటే సస్పెండు చేసినా చేస్తరు!"

"మేడం, ముప్పై ఒక్కేండ్లు మట్టి మోసిన. అండ్ల ఏం పోయిందో ఎన్నడన్న చూసిన్నా? ఇప్పుడు ఉచ్చకు దిగిండని కాయిదంల ఉండాల్నా నా పేరు? మట్టిల ఏందో కొత్తది కనవడ్డది, చూద్దామని దిగిన. గట్ల రాయుండ్రి."

"అది అబద్ధం గదన్నా."

"అవ్. నా అబద్ధం నేనే మోస్త. రాయుండ్రి."

వాదించే ఓపిక నాకు లేదు. ఏడుపు మాత్రం వచ్చింది. తల వంచుకుని, అతను చెప్పినట్టే రాశాను. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. 'చూద్దామని దిగిన' అన్న మాట దగ్గర నన్ను ఆపి, అక్కడిదాకా ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. అప్పుడు పెన్ను అందుకుని సంతకం పెట్టాడు.