ఆపి చూసే మనిషి

పొద్దున ఎనిమిదింటికే పోస్టుమార్టం మామయ్య ప్రోగ్రామును పదకొండోసారి పీక పట్టుకుని ఆపాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, తెర మీది అంకెల వరసల్ని పేలు చూసినట్టు పాయలు తీసి చూశాడు. ఆ పేరు ఆఫీసులోని కుర్రకారు పెట్టింది. రాసినవాడి రాత మిగలకుండా యంత్రం కోసం అంకెలైపోయిన ప్రోగ్రామును కోసి, లోపల దొంగదారి ఎక్కడుందో చెప్పడం ఆయన పని. కోడు విప్పితేనే కూడు. మూలం, అంటే రాసినవాడి అసలు రాత, మాత్రం ఎవరూ ఇవ్వరు. పాతికేళ్లు కూర్చుని కూర్చుని ఆయనకు దక్కిన మూలం ఒక్కటే, మూలశంక.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది అరవై టన్నుల ప్రెస్‌ను నడిపే కంట్రోలు పెట్టెకు జంట. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇనుప రేకుల్ని వంచాల్సిన ఆ ప్రెస్ ఆర్నెల్లలో ఒకడి మూడు వేళ్లను, ఇంకొకడి అరచేతిని రేకుతో కలిపి వంచింది. మూడోది మామయ్య సొంత బావమరిది చెయ్యి. మణికట్టు దాకా నుజ్జయింది. ఉంగరాన్ని ఎముకలోంచి పీకాల్సి వచ్చింది.

నిన్న ఆసుపత్రిలో బావమరిది పైకప్పు చూస్తూ అడిగాడు. "ఫ్యాక్టరీవాళ్లు ప్రమాదం కాగితంలో ఏం రాశారు బావా?"

"పెడల్ మీద కాలు జారిందని."

"కాలు జారితే చెయ్యెందుకు పోయింది?"

మామయ్య నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఇంటి దగ్గర భార్య ఇంకా సూటిగా అంది. "నా తమ్ముడి చెయ్యి నరికిందెవరో తేల్చండి. మీ జోకులు తర్వాత విందాం."

సాయంత్రం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. రుజువు లేకపోతే ప్రెస్ మళ్లీ నడుస్తుంది. ఈసారి దాని ముందు నిలబడేవాడు, ఫ్యాక్టరీలో అందరూ పొడుగోడనే కుర్రాడు. వాడికింకా పది వేళ్లూ ఉన్నాయి.

మధ్యాహ్నానికి దొంగదారి దొరికింది. నెట్‌వర్కు మీద "దిగు" అని సందేశం వస్తే చాలు, పంపిందెవరని పెట్టె అడగదు. లోపల చెయ్యి ఉందా అని చూడదు. దారిన పోయేవాడు పంపినా దించుతుంది. పై అంతస్తులోని కంప్యూటరు షిఫ్టు మారినప్పుడల్లా పరీక్ష కోసం అదే సందేశం పంపుతోంది. మూడు చేతులూ షిఫ్టు మారే వేళే పోయాయి. మామయ్య కుర్చీని తన్నాడు. అది గోడకు తగిలి కాలు విరిగింది. "నీ కాలు మాత్రం నిజంగానే జారింది" అన్నాడు దానితో.

నాలుగింటికి ఫ్యాక్టరీలో, ప్రెస్ పక్కనే, అసలు పెట్టెకు తన ల్యాప్‌టాప్ తగిలించాడు. మేనేజరు చేతులు కట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు తెర మీదికి వంగాడు. ఇనుప దిమ్మె పైన నిలబడి ఉంది.

"సందేశం ఇక్కడికొస్తుంది సార్. ఇదిగో, ఇక్కడ ఆపి చూపిస్తాను."

ఆపాడు. హోరు తగ్గి షెడ్డంతా సద్దుమణిగింది. ప్రెస్ ఆగిందనుకుని పొడుగోడు లోపల ఇరుక్కున్న రేకు కోసం భుజం దాకా దూరాడు.

మామయ్య తల తిప్పాడు. పన్నెండు రోజులు బల్ల మీద పెట్టెను ఆపి ఆపి చూశాడు. దానికక్కడ దిమ్మె లేదు. దిమ్మె జారకుండా బ్రేకును క్షణక్షణం పట్టి ఉంచేది కూడా ఈ ప్రోగ్రామే. దాన్నిప్పుడు తనే ఆపాడు.

"తియ్ రా" అంటూ పొడుగోణ్ని నడుం పట్టి వెనక్కి విసిరాడు. ఆ ఊపులో తను ముందుకు, తలతో సహా దిమ్మె కిందికి పడ్డాడు. దిమ్మె దిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. రేకు మీద రక్తం సన్నగా పాకి, అంచున ఆగి, చుక్కలుగా కారింది.

పొడుగోడు నేల మీద కూర్చుని "ఆగిందనుకున్నా, ఆగిందనుకున్నా" అంటున్నాడు. "వీడెందుకు దూరాడు?" అని మేనేజరు అరిచాడు. షెడ్డు మేస్త్రీ పొడుగోడి భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినబడేలా చెప్పాడు. "ఆగింది పెట్టె సార్. ప్రెస్ కాదు. వీడి తప్పు లేదు. చేతులు పోయిన ఆ ముగ్గురిదీ లేదు."

ఇన్‌స్పెక్టరు పాత కాగితంలో "కాలు జారింది" అన్న మాట కొట్టేశాడు. ప్రెస్‌కు కరెంటు తీయించి సీలు వేయించాడు.

బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ ఇంకా వెలుగుతోంది. ఆయన ఆపిన వరస దగ్గరే కర్సరు కొట్టుకుంటూ, తర్వాతి ఆజ్ఞ కోసం చూస్తోంది.