ఐదో సొంతవాక్యం

లలితకుమారికి ఆ ఆదివారం పొద్దున లేస్తూనే ఒళ్లు మండుతోంది. ఆ మంట ఆ రోజుది కాదు, మూడు వారాల నాటిది. కమిటీ సమావేశం అవగానే తెలుగు సంఘం కార్యదర్శి సుధాకరరావు వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టాడు: "తెలుగు క్లాసు వల్ల ఎవరికీ లాభం లేదని కీర్తిక గారు అన్నారు." మూడు వందల కుటుంబాలున్న గ్రూపు అది. ఈ పరాయి దేశంలో, టోవా పాయో పేటలో తాముండే బ్లాకు కింద గదిలో, తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆ క్లాసు చెప్తున్నది తను. ఎవరికీ లాభం లేదట! ఎంత మాటంది!

గ్రూపులో జనం ఊరుకుంటారా? చిలవలు పలవలు అల్లారు. ఆ కీర్తికకి బ్యాంకులో పెద్ద ఉద్యోగం, అందుకే కళ్లు నెత్తికెక్కాయన్నారు. చివరికి సుధాకరరావే పెద్దమనిషి వేషం కట్టాడు. ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండులోగా కీర్తిక గ్రూపులో క్షమాపణ పెట్టాలి, లేకపోతే వార్షికోత్సవంలో ఆమె కూతురు అక్షర పద్యాలు చదవడం ఉండదని తేల్చి చెప్పాడు. ఆ పద్యాలు పిల్ల నోటికి పట్టేదాకా నేర్పింది లలితకుమారే. అయినా ఆ షరతు చదివి, తగిన శాస్తి అనుకుంది.

అనుకుని ఊరుకుందా అంటే, అదీ లేదు. క్లాసులో అక్షర చెయ్యెత్తితే చూడనట్టు పక్క పిల్లని అడిగేది. పుస్తకం తెచ్చి చూపిస్తే "అక్కడ పెట్టు" అనేది. తల్లి మీది కోపం పన్నెండేళ్ల పిల్ల మీద! ఏ టీచరైనా చెయ్యాల్సిన పనేనా అది?

క్రితం వారం పెద్దపిల్లల పాఠంలో "వక్రీకరించు" అనే మాట వచ్చింది. ఒకరన్న మాటని వంకర తిప్పి వేరేలా చెప్పడం అని అర్థం చెప్పి, ఐదు సొంతవాక్యాలు రాసుకురమ్మంది. నిజంగా జరిగిందే రాయండి, గైడులో చూసి దించొద్దు అని కూడా అంది.

పదకొండున్నరకి క్లాసు అయిపోయింది. తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలు బయట వరండాలో ఆడుకుంటుంటే ఆవిడ ఎర్రపెన్ను తీసి పుస్తకాలు దిద్దుతూ కూర్చుంది. బాలు అనేవాడు ఒక్కటే వాక్యం రాసి, పేర్లు మాత్రం మార్చి ఐదు చేశాడు. వాడి తెలివికి నవ్వుకుంటూ తర్వాతి పుస్తకం తెరిచింది. అది అక్షరది.

మొదటి రెండూ మామూలువే, స్కూల్లో స్నేహితురాళ్ల తగువుల మీద. మూడోది: "సుధాకర్ అంకుల్ మా అమ్మ మాటల్ని వక్రీకరించి గ్రూపులో పెట్టారు." నాలుగోది: "అమ్మ లలిత ఆంటీకి హెల్ప్ అడిగింది, అంకుల్ ఆ ముక్క తీసేసి వక్రీకరించారు." ఐదోది: "లలిత ఆంటీ వక్రీకరించలేదు, కానీ మా అమ్మని అడగలేదు."

ఎర్రపెన్ను అక్కడే ఆగిపోయింది. ముందు కోపం వచ్చింది, ఎంత ధైర్యం ఈ పిల్లకి అని. కిటికీలోంచి కేకేసి పిలిచింది. ఇవి ఎవరు రాయించారని గద్దించి అడిగింది. అక్షర బెదరలేదు.

"ఎవరూ లేదు ఆంటీ. రియల్‌గా జరిగింది రాయమన్నారు కదా."

"మీ అమ్మ చూసిందా ఇది?"

"నో లా," అంది ఇక్కడి పిల్లల యాసలో. "చూస్తే చింపేస్తుంది. ఎందుకు గొడవ, సారీ పెట్టేద్దాం అంటోంది. టుడే నా లాస్ట్ క్లాస్ అని కూడా చెప్పింది."

ఏడుపు లేదు, రోషం లేదు. రైలు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. లలితకుమారి ఆ పుస్తకం పట్టుకుని లిఫ్టెక్కింది.

తొమ్మిదో అంతస్తులో ఆవిడ భర్త జనార్దనరావు ఇడ్లీ తింటూ ఫోన్ చూస్తున్నాడు. ఆయన సంఘం కోశాధికారి. ఆ రోజు సమావేశంలో ఆయనా ఉన్నాడు. ఆ సంగతి ఆవిడకి ఈ మూడు వారాల్లో తట్టనే లేదు. తట్టినా, ఏదైనా తేడా ఉంటే ఈయన చెప్పడా అనుకునేది. పుస్తకం ఇడ్లీ పళ్లెం పక్కన పడేసి, సమావేశంలో కీర్తిక నిజంగా ఏమంది అని అడిగింది. ఆయన చదివి పళ్లెం పక్కకి జరిపాడు.

"అన్న మాట కాస్త వేరేలే. లలిత ఆంటీ ఒక్కరే ముప్ఫైమందికి చెప్తున్నారు, ఇంకో టీచర్ని తోడివ్వండి, ఇవ్వకపోతే ఈ క్లాసు వల్ల ఎవరికీ లాభం లేదు అంది. సుధాకర్ ముందు ముక్క వదిలేశాడు. నువ్వు రెండేళ్లుగా టీచర్ని అడుగుతున్నావు, వాడు పట్టించుకోలేదు. అది బయటపడుతుందని వాడి భయం."

లలితకుమారికి తల కొట్టేసినట్టయింది. తన కోసం నోరు తెరిచిన మనిషినా, తను మూడు వారాలుగా తిట్టుకుంటున్నది!

"నేను మీ పక్కనే కూర్చుని కుళ్లి ఏడుస్తుంటే, మీరు నోట్లో బెల్లంముక్క పెట్టుకు కూర్చున్నారా?"

"ఎందుకొచ్చిన గొడవ లలితా. నలుగురిలో తిరగాల్సినవాళ్లం."

నలుగురట! ఆ నలుగురిలో కీర్తిక లేదూ? ఆ పిల్ల లేదూ? వంకర తిప్పినవాడు ఒక్కడే, కానీ ఆ వంకరని మూడు వారాలు నిలబెట్టింది ఆ గదిలో కూర్చుని తెలిసీ మెదలని పెద్దమనుషులు. వాళ్లలో ఒకడు తన ఇంట్లో ఇడ్లీ తింటున్నాడు. గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఫోన్ తీసింది. గ్రూపులో వద్దు, సుధాకర్‌తో నేను విడిగా మాట్లాడతాను అని ఆయన లేచాడు. విడిగా మాట్లాడటానికి మూడు వారాలు ఏమయ్యాయని అడిగితే మళ్లీ కూర్చున్నాడు.

ఆవిడ ఒక్కో అక్షరం కొట్టి పంపింది.

"సుధాకరరావు గారు కీర్తిక మాటల్ని వక్రీకరించారు. నాకు తోడుగా ఇంకో టీచరు కావాలని ఆమె అడిగితే, ఆ మాట తీసేసి మిగతాది మనచేత చదివించారు. అక్కడే ఉండి, తెలిసీ నోరెత్తనివాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. కీర్తికని ఒక్కమాట అడక్కుండా నమ్మి, కోపం పిల్ల మీద చూపించింది నేను. క్షమాపణ చెప్పాల్సింది మేము. అక్షర పద్యాలు చదవని వేదిక నేను ఎక్కను."

కిందికి దిగేసరికి కీర్తిక వచ్చి ఉంది. ఊరి అవతలి కొసన ఉన్న యూ టీ నుంచి రైల్లో వచ్చిన అలసట ముఖంలో ఉంది, చేతిలో ఫోన్ ఉంది, చదివేసింది. లలితకుమారి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకోబోయింది. కీర్తిక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తొమ్మిదేళ్ల పరిచయం ఆంటీ," అంది కీర్తిక. "ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది కదా."

లలితకుమారి తల దించుకుని నిలబడింది. వరండాలో పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. అక్షర వచ్చి ఆవిడ చేతిలోని పుస్తకం తీసుకుని పేజీ తిప్పింది. నాలుగు వాక్యాలకీ ఎర్ర టిక్కులున్నాయి, ఐదోదానికి లేదు.

"ఫిఫ్త్ వన్ తప్పా ఆంటీ?"

లలితకుమారి కీర్తిక వైపు చూడలేదు. పిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని, గోడకి ఆనించి పట్టుకుంది.

"కాదమ్మా, కరెక్టే," అని టిక్కు పెట్టింది.