ముందు డిక్కీలో ఊరగాయ జాడీ

నేను ఒక కారును. పెట్రోలు వాసన ఎలా ఉంటుందో తెలియని కారును. నిలబడిన చోటి నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాకు నాలుగు సెకన్లు కూడా పట్టవు. అంతటిదాన్ని, ఆ కార్తీక ఆదివారం పొద్దున మదనపల్లెలో ఒక ఇంటి పోర్టికోలో నిలబడి, ఊరగాయ జాడీ మీద మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటుంటే వింటున్నాను.

వనభోజనాలకు బయల్దేరుతున్నారు. ఇంటావిడ కుముద టమోటా ఊరగాయ జాడీకి మూతి మీద గుడ్డ కట్టి తెచ్చి నా ముందు డిక్కీలో పెట్టింది. మిగతా కార్లకు ఇంజను ఉండేచోట నాకు ఏమీ లేదు, ఒక చిన్న గుంట లాంటి డిక్కీ తప్ప.

"తియ్ దాన్ని. ఇంత బండిలో ఊరగాయ వాసనా?" అన్నాడు ఇంటాయన చెంగల్రాయుడు.

"వెనక చిత్రాన్నం గిన్నెలుండాయి. ఈడయితే ఒరగదు. కొలత తీసినట్టు సరిపోయింది, చూడండి."

"అది ఊరగాయలు పెట్టే చోటు కాదు మే!"

"మరి ఏం పెట్టే చోటు?"

ఆయనకు తెలియదు. నన్ను కొన్నప్పటి నుంచి అందులో ఒక గుడ్డపేలిక కూడా పెట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. నన్ను గీసినవాళ్లు ఇంజను లేని ఖాళీని ఏం చేయాలో తోచక మూత వేసి వదిలేశారని నా అనుమానం.

వరండాలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న చెంగల్రాయుడి తల్లి మునెమ్మ తీర్పు చెప్పింది. "బుధవారం అమ్మేసే బండికి వాసనొస్తే ఏమి, రాకుంటే ఏమిరా? పెట్టనీ."

జాడీ చుట్టూ పాత తువ్వాలు సర్దుతున్న కుముద చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్లీ సర్దసాగాయి. ఆ క్షణం ఎందుకు ఆగాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను పుట్టింది సముద్రాలకు అవతల. మనిషి చెయ్యి తగలకముందే ఇనుప చేతులు నన్ను ఎత్తాయి, దించాయి, అతికించాయి. నా కడుపు నిండా వేలకొద్దీ చిన్న చిన్న బ్యాటరీలు పేర్చారు. ముందు చక్రాల మధ్య ఒక మోటారు, వెనక చక్రాల మధ్య ఒక మోటారు. పరీక్షకు తోలినవాడు కాలు నొక్కగానే సీటుకు అతుక్కుపోయి, అంత పెద్ద మనిషీ పసివాడిలా కిలకిలా నవ్వాడు. నా బతుకంతా ఇలా మనుషుల్ని నవ్వించడమే అనుకున్నాను. నున్నటి రోడ్డు, ఎదురు లేని మలుపు, చల్లటి గాలి ఉంటాయని కూడా అనుకున్నాను. అవన్నీ ఆ పరీక్షల మైదానంలోనే ఉంటాయని అప్పట్లో నాకు తెలియదు.

చెంగల్రాయుడికి టమోటా మండీ ఉంది. టమోటా ధరకు రెక్కలొచ్చిన ఒక వేసవిలో ఆయన నన్ను తెచ్చాడు. నా కోసం కుముద తోలుకునే చిన్న తెల్లకారును మార్పిడికి ఇచ్చేశాడు. ఆ కారుకు పెద్ద వేగమూ లేదు, పేరూ లేదు. ప్రతి గురువారం కుముద అందులో చింతామణికి పోయేది. అక్కడ ఆమె అక్క విమల ఉంది. ఇస్కూల్లో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయిన మనిషి. ఇప్పుడు చూపు బాగా తగ్గిపోయింది. కుముద పోయి వారం రోజుల పేపర్లు చదివి వినిపించి, మందులు పొద్దుటివీ రాత్రివీ వేరు చేసి, వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో అక్క చేతిని పట్టి తాకించి వచ్చేది. నేను వచ్చాక ఆ గురువారాలు పోయాయి.

"నేనే తోలుకుని పోతాను" అని ఆమె ఒకసారి అడిగింది.

"కాలు ఆనిస్తే ఎగిరే బండి ఇది. నీ చేతికిస్తే గేటుతో సహా రోడ్డు మీదుంటావు" అన్నాడు.

అలా ఆమె నా లోపల కూర్చునేది, తోలేది మాత్రం కాదు. మునెమ్మ గుడిలో పూజ ముగించుకుని వచ్చేలోపల నా తెర మీద ఉన్న సంగతులన్నీ ఒక్కొక్కటీ తెరిచి చదివేది. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి. అర్థం కాకపోతే వెనక్కి పోయి మళ్లీ చదివేది. నన్ను కొన్నవాడు నా గురించి చదివింది మాత్రం ఒక్క ముక్కే, వంద అందుకోవడానికి ఎన్ని సెకన్లని.

ఆయన్ని తప్పుపట్టను. మండీ ముందు రైతుల్ని ఎక్కించుకుని ఒక్క దూకు దూకించినప్పుడు, తలపాగాలు వెనక్కి పోయి అందరూ "ఓయబ్బో!" అన్నప్పుడు నాకూ గర్వంగానే ఉండేది. నా వేగం అబద్ధం కాదు. కానీ వేగానికి ఆకలి ఎక్కువ. రెట్టింపు వేగంతో పోతే గాలి నాలుగింతలు అడ్డం పడుతుంది. దాన్ని చీల్చడానికే నా కడుపులోది కరిగిపోతుంది. ఒక్క చార్జింగుకు కంపెనీవాళ్లు చెప్పిన దూరం నెమ్మదిగా, నిలకడగా పోయినవాళ్లది. చెంగల్రాయుడు బెంగళూరికి నన్ను ఉరికించి ఉరికించి, దారిలో చార్జింగు కోసం ఒక హోటలు దగ్గర ఆగాడు. ఒక యంత్రం చెడిపోయి ఉంది, రెండోదాని ముందు రెండు కార్లున్నాయి. ఆయన ఇడ్లీ తిన్నాడు, కాఫీ తాగాడు, ఇంకో కాఫీ తాగాడు. ఆయన కళ్ల ముందే మండీ లారీ ఒకటి నింపాదిగా దాటిపోయింది. డ్రైవరు గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడమే నా కొంప ముంచింది. ఆ వారంలోనే బేరం మాట్లాడాడు. బుధవారం బెంగళూరు నుంచి మనిషి వచ్చి నన్ను తీసుకుపోతాడు. నా స్థానంలో ఎత్తయిన డీజిలు బండి వస్తుంది. "అది ఆడోళ్లు తోలే బండి కాదు" అని ముందే చెప్పేశాడు.

అందుకే ఆ చేతులు ఆగింది.

సరే, ఆదివారానికి వస్తాను. శనివారం సాయంత్రమే కుముద చెప్పింది, ప్లగ్గు పెట్టండని. "పక్కనుండే హార్సిలీ కొండకి చార్జింగు ఏంది?" అన్నాడు. డీజిలు రోజుల అలవాటు. ముల్లు అడుగంటితేనే బంకు గుర్తొస్తుంది. సగం కడుపుతోనే బయల్దేరాను. కొండ ఎక్కడం నాకు సరదా. మిగతా బండ్లు రొప్పుతూ ఎక్కే మలుపుల్లో నేను చప్పుడు లేకుండా పైకి పోతాను. ఆయన నన్ను పరుగు పెట్టించాడు, నేనూ పరుగెత్తాను.

కొండ మీద ఉసిరిచెట్టు కింద చాపలు పరిచారు. చుట్టాలంతా అప్పటికే చేరారు. చెంగల్రాయుడి అక్క మొగుడు గంగాధరం తన పాత డీజిలు జీపుకు ఆనుకుని నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏం బావా, అమ్మేస్తా ఉండావంట. ఒక్క రౌండన్నా కొట్టించకుండానేనా?"

అక్కడ మొదలయింది. బావను ఎక్కిస్తే బావ తమ్ముడిని ఎక్కించాలి. ఆయన్ని ఎక్కించాక పెద్దమ్మ కొడుకుని వదిలేస్తే రేపు పెళ్లిలో మాట పడాలి. ఒకరిని పిలిచి ఒకరిని పిలవకుండా ఉండడం ఈ మనుషులకు చేతకాదు. విస్తరి వేశాక వడ్డించకపోవడం లాంటిది అది. ఒక్కో జట్టునూ మూడో మలుపు దాకా దించడం, గిర్రున తిప్పి పైకి దూకించడం. నా కడుపులో ఉన్నదంతా ఆయన చుట్టరికానికి వడ్డించేశాడు. కొన్ని దూకుల తర్వాత నా బ్యాటరీలు వేడెక్కాయి. అవి కాలిపోకుండా నా అంతట నేనే బలం తగ్గించుకున్నాను. అది నా ఒంటి ధర్మం. ఆయన ఎంత తొక్కినా ఇక దూకలేదు.

"అలిసిపోయినట్టుండాది పాపం" అన్నాడు గంగాధరం, సీటులోంచి దిగుతూ. "మజ్జిగేమన్నా పోస్తావా?"

భోజనాలయ్యాయి. ఊరగాయ జాడీ సగమయింది. అప్పుడు నా తెర చూస్తే నాలుగు శాతం. చెంగల్రాయుడి ముఖం వాడిపోయింది. పక్కనున్న అతిథిగృహం వరండాలో ప్లగ్గు ఉంటే బతిమాలి పెట్టించారు. అది ఫ్యాను తిప్పడానికి పెట్టిన ప్లగ్గు. దాంతో నన్ను నింపడం చెంచాతో నీళ్ల గాబు నింపడమే. ఇంతలో ఎవరో లోపల గ్రైండరు వేశారు, ఫ్యూజు పోయి అదీ ఆగిపోయింది.

"తాడుండాది బావా. నా జీపుకు కట్టి లాక్కునిపోయేదా?" గంగాధరం గొంతులో జాలి ఉంది, జాలి కంటే ఆనందం ఎక్కువ ఉంది.

"నువ్వు ముందు పో" అన్నాడు చెంగల్రాయుడు. జీపు పోయాక భార్య వైపు తిరిగాడు. "రేపే అమ్మేస్తా దీన్ని. బుధవారం దాకా కూడా వద్దు."

కుముద నా తెర వైపు చూస్తూ ఉంది. "పోతాది" అంది.

"యాడికి పోతాది?"

"ఇంటికి. ఎక్కేటప్పుడు మింగిందాంట్లో దిగేటప్పుడు కొంచెం వెనక్కి ఇస్తాది. ఎత్తు మీదుండే రాయికి బలముంటాది కదా, అట్ల. మీరు కాలు తీస్తే బండి ఆగినట్టుందని ఆ అమరికను తగ్గించి పెట్టినారు. దాన్ని మళ్లీ పెంచాల. కింద రోడ్డు మీద ఏసీ లేకుండా, నలభైలో పోవాల."

"నలభైలోనా!" ఆయన నిజంగా అదిరిపోయాడు. "ఈ బండిని నేను ఎద్దులబండి మాదిరి తోల్తా ఉంటే ఎవడన్నా చూస్తే? మండీలో తలెత్తుకునేది ఎట్ల?"

"అయితే నేను తోల్తా. నన్నెవరు చూస్తారు?"

నమ్మకంతో ఇచ్చాడని చెప్పను. సిగ్గుతో ఇచ్చాడు. పక్క సీటును వెనక్కి వాల్చి పడుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. మునెమ్మ వెనక సీట్లో గిన్నెల మధ్య కూర్చుంది.

కుముద సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సర్దుకుంది, చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఆమె కాలు నా పెడలు మీద ఆనగానే నాకు తెలిసిపోయింది. ఇంతవరకూ నన్ను తొక్కినవాళ్లున్నారు గానీ, నాతో మాట్లాడినవాళ్లు లేరు. మలుపుకు ముందే కాలు ఎత్తేది. నేను బరువుగా వెనక్కి లాగేదాన్ని. నా చక్రాలు మోటార్లను తిప్పేవి, మోటార్లు కడుపులోకి పోసేవి. బ్రేకు ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. రెండు టన్నులు దాటిన నా బరువు, అందరూ తిట్టే నా బరువు, మొదటిసారి పనికొచ్చింది.

"మ్మే కుముదా!" వెనక నుంచి మునెమ్మ కేక. "నాలుగు పోయి అయిదొచ్చింది! ఎవరు పోస్తా ఉండారు?"

"కొండ పోస్తా ఉండాది అత్తా."

తువ్వాలు ఒక పక్క కొంచెం లేచింది. ఒక కన్ను తెర వైపు చూసి మళ్లీ మూసుకుంది.

కొండ దిగేసరికి ఆరు శాతం అయింది. అక్కడి నుంచి కొండ సాయం లేదు. అద్దాలు దించి, రోడ్డు ఎడమ పక్కగా కుముద నన్ను నడిపించింది. నడిపించింది అనే మాటే సరయినది. ఆటో ఒకటి దాటిపోయింది. గడ్డిమోపు కట్టుకున్న మోపెడు దాటిపోయింది. పెళ్లివాళ్ల వ్యాను దాటిపోతూ హారన్ కొట్టి ఎగతాళి చేసింది. నాలాంటిదానికి ఇవి చిన్న అవమానాలు కావు. ఒక్క దూకు దూకితే అవన్నీ దుమ్ములో ఉండేవి. అయినా ఆ దూకు నాలో ఉందని తెలిసి కూడా దూకకుండా ఉండడంలో ఒక హాయి ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

దారిలో టీ కొట్టు దగ్గర గంగాధరం జీపు ఆగి ఉంది, దాని ఇంజను మూత తెరిచి ఉంది. లోపల నుంచి ఆవిరి వస్తోంది. కుముద అద్దంలోంచి తల బయటపెట్టి, "తాడుండాదా అన్నా, కట్టి లాగేదా?" అంది. తువ్వాలు కింద నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆమె ఆపలేదు, మాకు అంత మిగులు లేదు. వెనకే వస్తున్న చుట్టాలు ఆయన్ని ఎక్కించుకున్నారు.

ఇంటి గేటు దాటేసరికి రెండు శాతం ఉంది. కుముద దిగి, ఎవరినీ పిలవకుండా తానే ప్లగ్గు పెట్టింది.

నేనుండే పోర్టికోకూ వాళ్లు తినే గదికీ మధ్య ఒక కిటికీ. దీపాలు పెట్టిన వేళకే అందరూ పళ్లేల ముందు కూర్చున్నారు, గంగాధరం కూడా. మిగిలిన చిత్రాన్నం, పెరుగన్నం, జాడీ అడుగున ఊరగాయ.

"ఆ బెంగళూరాయన రేపు వీలవుతాదేమో అడగతా" అన్నాడు చెంగల్రాయుడు. గొంతులో పొద్దుటి బలం లేదు.

కుముద గరిటె పక్కన పెట్టింది. "రావద్దని చెప్పండి. ఈ గురువారం నేను చింతామణికి పోతా ఉండా, ఈ బండిలోనే. ప్రతి గురువారం పోతాను. పోయి రావడానికి సగం చార్జింగు చాలు, నేను లెక్క చూసుకున్నా. మిగతా రోజులు మీరు తోలండి, ఎంతన్నా దూకించండి. సాయంత్రం ప్లగ్గు పెట్టేది మాత్రం నేను."

అడిగినట్టు అనలేదు. చెప్పింది. కిటికీకి ఇవతల నా ఊపిరి ఉంటే ఆగిపోయి ఉండేది.

మొదట మాట్లాడింది మునెమ్మ. "నేనూ వస్తా. విమలను చూసి ఎన్నాళ్లయిందో."

"మరి నా డీజిలు బండి?" అన్నాడు చెంగల్రాయుడు.

"మీ బావ జీపు ఉండాది కదా. బాగయ్యాక అడుక్కోండి" అంది కుముద.

చెంగల్రాయుడు పళ్లెం ముందుకు జరిపాడు.

"ఊరగాయ ఎయ్" అన్నాడు. వేసింది. కలుపుకుని ఒక ముద్ద తిని, "మీ అక్కకు కూడా ఒక జాడీ తీసుకునిపో" అన్నాడు. ఇంకో ముద్ద కలుపుతూ, "ముందు డిక్కీలో పెట్టు. ఆడయితే ఒరగదు" అన్నాడు.

గురువారం ఇంకా రాలేదు. కడుపు నిండుగా పోర్టికోలో నిలబడి ఉన్నాను. పొద్దున తుడిచినా ముందు డిక్కీలో ఆవాలూ మెంతులూ కలిసిన నూనె వాసన పోలేదు. నాలుగు సెకన్లలోపు వంద ఇప్పటికీ అందుకోగలను, ఎవరన్నా అడిగితే. ఆ ఖాళీ చోటు దేనికని అడిగినా ఇప్పుడు జవాబు చెప్పగలను.