కడుగు మోసిన డబ్బా

నేను ఒక నూనె డబ్బాను, పదిహేను కిలోలది. నా ఒంటి మీద ఒకప్పుడు నెమలి బొమ్మ ఉండేది. నెమలికీ వేరుశనగ నూనెకీ ఏమిటి సంబంధమని మిల్లులో ఎవరూ అడగలేదు. మిల్లు నుంచి బస్టాండు పక్కన ఒక హోటలుకు వెళ్ళాను. అక్కడ బజ్జీలు తిన్నవాళ్ళంతా నూనె బాగోలేదని తిట్టారు, మరునాడు వచ్చి మళ్ళీ తిన్నారు. మనుషుల సంగతి నాకు మొదట తెలిసింది అక్కడే.

ఖాళీ అయ్యాక ఇమాంసాబు అనే రేకుపనివాడు నన్ను తీసుకుపోయాడు. పైమూత కోసి, అంచు మడిచి, అడ్డంగా ఒక తుమ్మకర్ర దూర్చి మేకులు కొట్టాడు. "ఇంక నీళ్ళు మొయ్యి పో" అన్నాడు. నా జన్మలో ఎవరైనా నాతో నేరుగా మాట్లాడింది అదొక్కసారే.

సంతలో నన్ను కొన్నామె పేరు సాకమ్మ. అనంతపురం వైపు ఎర్రగుట్టపల్లిలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. నలభై ఏళ్ళుంటాయి. భర్త లింగమయ్య ఇళ్ళు కట్టే మేస్త్రీ. వాళ్ళ ఇల్లు రెండు గదులు. ఇంటి వెనక పన్నెండు అడుగులు వేస్తే అయిపోయే పెరడు. ఆ పన్నెండు అడుగుల్లో ఆమె దొండ పందిరి, వంగమొక్కలు, కనకాంబరాలు, మల్లె, కరివేపాకు, ఒక నిమ్మచెట్టు ఇరికించింది. నిమ్మచెట్టు వాళ్ళ పెళ్ళయిన ఏడు పెట్టింది. గుంత లింగమయ్య తవ్వాడు. మేస్త్రీ కాబట్టి పునాదికి తవ్వినంత లోతు తవ్వాడు.

నేను వచ్చిన ఏడాదే వానలు మానుకున్నాయి. మొదటి ఏడు అందరూ వచ్చే ఏడు పడతాయన్నారు. రెండో ఏడు ఆ మాట కొంచెం మెల్లగా అన్నారు. మూడో ఏడు ఆ ఊసే ఎత్తలేదు. వీధి చివరి బోరు ముందు నీళ్ళు పోసింది, తర్వాత గాలి పోసింది, తర్వాత ఏమీ పోయలేదు. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది. ఇంటికి అయిదు బిందెలు. తాగడానికి, వండడానికి, కడగడానికి అన్నిటికీ ఆ అయిదే. చెట్ల మాట ట్యాంకరు డ్రైవరును అడిగితే అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు, నవ్వొచ్చింది అంతే.

నీళ్ళు లేని ఊళ్ళో ఎవరూ ఇల్లు కట్టరు. సిమెంటుకు కూడా దాహమే. లింగమయ్య బెంగళూరు వెళ్ళి అపార్టుమెంట్ల పనిలో చేరాడు. నెలకొకసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త సన్నబడి వచ్చేవాడు. ఒకరోజు పెరట్లో కూర్చుని, నన్ను బోర్లించి నా మీద కాళ్ళు చాపుకొని అడిగాడు.

"ఇంటికి తాళం వేసి నువ్వు కూడా వచ్చేయి. ఆడ రేకుల షెడ్డు ఇస్తారు. నేను మూడు నెల్ల నుంచి బన్నూ టీతోనే బతుకుతాండా. నాకు వండిపెట్టే దిక్కు లేదు, నువ్వేమో చెట్లకు పెట్టి పోషిస్తాండావు."

సాకమ్మ నిమ్మచెట్టు కింద ఎండాకులు ఏరుతూ ఉండిపోయింది. అతనిది తప్పు మాటయితే వెంటనే జవాబిచ్చేది.

"మామా, ఈడ ఇంత పచ్చగా ఉంది కాబట్టి నాకు ఇది ఇల్లనిపిస్తాది" అంది చివరికి. "ఆ నిమ్మచెట్టు ఎండిపోయిన రోజు నేనే మూట కట్టుకొని వస్తా. మాట తప్పను. అంతవరకు అడగొద్దు."

లింగమయ్య చెట్టును కింది నుంచి పైదాకా చూశాడు. దేనికి ఎన్ని నీళ్ళు పడతాయో మేస్త్రీలకు తెలుసు. రెండు నెలలు అని మనసులో లెక్క వేసుకున్నట్టున్నాడు. సరేనన్నాడు.

అప్పుడు మొదలైంది నా ఉద్యోగం.

హాస్టల్లో నూట ఇరవై మంది పిల్లలు. అంతమందికి అన్నమంటే బియ్యం కడిగిన నీళ్ళే రెండు డబ్బాలవుతాయి. ఆ కడుగు వంటగది వెనక కాలువలోకి పోయేది. సాకమ్మ కాలువకు పోకుండా నాలోకి వంచి, చుట్టకుదురు మీద నన్ను నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచి ఇంటికి తెచ్చేది. తెల్లగా, చిక్కగా, కాస్త పులిసిన వాసన. నూనె మోసిన ఒళ్ళు నాది. కడుగంటే మొదట చిన్నతనమనిపించింది. తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు నా వైపు చూసే చూపు చూశాక ఆ భావం పోయింది. బంగారపు బిందెను కూడా వాళ్ళు అలా చూడలేదు.

కడుగు అన్నిటికీ చాలలేదు. ముందు వంగమొక్కలను ఆమె తన చేత్తోనే పీకేసింది. తర్వాత దొండ పాదును కోసింది. కనకాంబరాలు ఆమె పీకేదాకా ఆగకుండా వాటంతట అవే పోయాయి. మిగిలినవి మల్లె, కరివేపాకు, నిమ్మ. మల్లెను మొదలంటా కత్తిరించి, మొదళ్ళ చుట్టూ శనక్కాయల పొట్టు కప్పింది. రెండు నెలలు అయిపోయాయి. లింగమయ్య వచ్చాడు, చెట్టును చూశాడు, వెళ్ళాడు. ఇంకో రెండు నెలలకూ అంతే.

సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టలుకు కొత్త వార్డెను వచ్చింది. శశిరేఖ మేడం. రూళ్ళ పుస్తకం చేతిలో ఉంటే తప్ప ఆమెకు నిద్ర పట్టదని చెప్పుకునేవారు. మూడో రోజు సాయంత్రం గేటు దగ్గర ఆమె మమ్మల్ని ఆపింది.

"ఏముంది అందులో?"

"కడుగు మేడం. బియ్యం కడిగిన నీళ్ళు."

"దించు."

సాకమ్మ నన్ను దించింది. మేడం వంగి చూసింది. కడుగులో అడుగు కనపడదు. ఆమె ఏమనుకుంటున్నదో సాకమ్మకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మేడం గాజులు పైకి జరుపుకొని, మోచేతి దాకా చెయ్యి నాలోకి పెట్టింది. నాలుగు మూలలూ తడిమింది. నన్ను అంత శ్రద్ధగా తడిమి చూసినవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. చెయ్యి బయటికి తీసి గుప్పిట విప్పింది. మూడు బియ్యపు గింజలు.

ముగ్గురమూ ఆ మూడు గింజలను చూశాం.

సాకమ్మ ముఖం ఎర్రబడింది. "పద్దెనిమిదేళ్ళు వండినా మేడం" అంది. "ఒక గిద్దెడు కూడా కొంగున కట్టుకొని పోలేదు. నా పెరట్లో మూడు చెట్లుండాయి. వచ్చి చూసుకోండి."

మేడం గింజలను ఏం చేయాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడింది. తర్వాత నిజంగానే వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని పెరట్లోకి దిగి, మొదలంటా కోసిన మల్లెను, పొట్టు కప్పిన నిమ్మను చూసింది. సాకమ్మ ఒక్కొక్క చెట్టుకు చెంబుతో కొలిచి పోస్తుంటే అయిపోయేదాకా కదలలేదు.

"నిన్ను నమ్ముతున్నాను సాకమ్మా" అంది చివరికి. "కానీ నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇట్లాగే కూరగాయల తొక్కల కింద బియ్యం పోయాయి. నేను సంతకం పెట్టాను కాబట్టి నా మీదికి వచ్చింది. ఏడాది పాటు సంజాయిషీలు రాశాను. గేటు దాటి ఏదీ పోకూడదు. నీళ్ళు కూడా."

సాకమ్మ వాదించలేదు. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు కూడా. తెల్లవారి హాస్టలుకు వెళ్ళి, అన్నం వార్చి, మేడం ఎదురుగా నిలబడింది.

"మేడం, నీళ్ళు బయటికి పోకూడదు. చెట్లు లోపలికి రావచ్చునా?"

మేడం పుస్తకం తెరిచింది. రెండు మూడు పేజీలు తిప్పింది. "చెట్ల సంగతి ఇందులో ఏమీ లేదు" అంది.

ఆ ఆదివారం సాకమ్మ మల్లె మొద్దును మట్టితో సహా పెళ్ళగించి, కరివేపాకు పిలకలను తవ్వి, నాలో పెట్టుకుని హాస్టలుకు మోసింది. వంటగది వెనక కాలువ గట్టున నాటింది. ఇన్నాళ్ళూ చెట్ల దగ్గరికి నీళ్ళు మోశాను, ఆ రోజు నీళ్ళ దగ్గరికి చెట్లను మోశాను. బరువులో పెద్ద తేడా లేదు. నిమ్మచెట్టును మాత్రం మోయలేం కదా. పునాది లోతు గుంతలో వేరూనింది అది.

నిమ్మచెట్టు కోసం సాకమ్మ స్నానం పద్ధతి మార్చింది. చెట్టు చుట్టూ పాత చీర కట్టి, మొదట్లో కూర్చుని, అరబిందెతో స్నానం చేసేది. సబ్బు మానేసి సున్నిపిండి పట్టింది. అంట్లు తోమిన నీళ్ళు నాలో పోసి పెట్టి, మడ్డి అడుగుకు చేరాక చెట్టుకు పోసేది. ఏప్రిల్ దాకా అలా గడిచింది.

ఏప్రిల్లో హాస్టలుకు సెలవులిచ్చారు. జీతం లేని రెండు నెలలూ సాకమ్మ కరువుపనికి వెళ్ళింది. ఎండిన చెరువులో గంప మట్టి ఎత్తే పని. లేని నీళ్ళ కోసం ఊరంతా చెరువును ఇంకా లోతు చేసింది. మేలో నిమ్మచెట్టు ఆకులు ముడుచుకున్నాయి. ఒక వారంలో పండి రాలాయి. ఆమె రోజూ సాయంత్రం వచ్చి, రాలిన ఆకులను చీపురుతో ఊడ్చి మొదట్లోకే తోసేది. ఒకసారి మాను మీద చెయ్యి పెట్టి, జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

లింగమయ్య ఆ వారంలోనే వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. పొద్దున పదింటికి. సాకమ్మ చెరువులో ఉంది. సంచి అరుగు మీద పెట్టి పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు.

చెట్టుకు ఒక్క ఆకు లేదు.

అతను గెలిచినట్టే. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. జేబులోంచి తాళంచెవి తీసి పైకొమ్మ బెరడు గీకాడు. లోపల గోధుమరంగు, ఎండుకర్ర. ఇంకో కొమ్మ గీకాడు. అదీ అంతే. మాను నడుము దగ్గర గీకాడు, ఎండే. వెళ్ళిపోబోయాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మొదలుకు జానెడు ఎత్తులో గీకాడు.

పచ్చగా ఉంది. తడిగా కూడా ఉంది. వేలితో తాకి చూసుకున్నాడు.

పెరట్లో అతనూ నేనూ తప్ప ఎవరూ లేరు. నాకు నోరు లేదు. అతను ఆ గీత మీద మట్టి రాసి, చెట్టు చచ్చిపోయిందని చెబితే సాకమ్మ ఆ సాయంత్రమే మూట కట్టేది. ఆమె మాట మీద నిలబడే మనిషని అతనికి నాకంటే బాగా తెలుసు. నీడ లేని ఆ చెట్టు కింద అతను ఎంతసేపు కూర్చున్నాడంటే, మెడ వెనక చొక్కా తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది.

తర్వాత లేచి నన్ను పట్టుకుని బయటికి నడిచాడు.

పక్క ఊరి బడి దగ్గర ఒక చేతిబోరు ఇంకా పనిచేస్తున్నదట. రెండు మైళ్ళు. ఆడవాళ్ళ వరుసలో ఒక్కడే మగవాడు. "ఏమప్పా, ఇంట్లో ఆడోళ్ళు లేరా?" అని ఒకామె అడిగింది. "పనికి పోయింది" అన్నాడు. వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నన్ను అంచు దాకా నింపి భుజానికెత్తుకున్నాడు. ఇంటికొచ్చి దించి చూస్తే సగమే ఉంది. పులిసిన కడుగు నా అడుగు రేకును ఎప్పటి నుంచో తింటూ ఉంది, ఆ రోజు నిండు బరువుకు చిల్లు పడింది. నాకు తెలుసు, చెప్పే దారి లేదు. వెనక్కి తిరిగి చూస్తే దారి పొడవునా సన్నటి తడిగీత. అతను నన్ను తిట్టలేదు. ఉన్న సగం చెట్టుకు పోసి, మళ్ళీ రెండు మైళ్ళు వెళ్ళి, నా అడుగున పాతగుడ్డ కుక్కి ఇంకో డబ్బాడు నీళ్ళు తెచ్చాడు. వాటిని బిందెలో పోసి పెట్టి, పార తీశాడు. మొదలుకు మూరెడు దూరంలో గుంత తవ్వి, నా కర్ర ఊడగొట్టి, గుడ్డ లాగేసి, మెడ దాకా నన్ను భూమిలో పాతాడు. బిందెలో నీళ్ళు నాలో పోశాడు. అవి నిదానంగా, ఎవరికీ కనపడకుండా, వేళ్ళ వైపు కారసాగాయి. కారడం కూడా ఒక పనేనని నాకప్పుడే తెలిసింది.

సాయంత్రం సాకమ్మ వచ్చింది. అరుగు మీద సంచి చూసి, నేరుగా పెరట్లోకి వచ్చింది.

"డబ్బా యాడ?"

"పాతిపెట్టినా."

ఆమె నన్ను చూసింది. తడిమట్టిని చూసింది. మాను మీది గీతలను ఒక్కొక్కటే చూసుకుంటూ కిందికి వంగింది.

"గీకి చూసినావా?"

"చూసినా. పైనంతా పోయింది. కింద పచ్చిగా ఉండాది."

"పోయిందని చెప్పింటే నేను వచ్చింటా కదా మామా."

"తెలుసు."

ఆమె గంప ఎత్తి ఎత్తి వాచిన చేతులతో ముఖం తుడుచుకుంది. "మరి?"

"మరేముంది" అన్నాడు లింగమయ్య. "నువ్వు ఏడుస్తా వచ్చి ఆడ వండితే అది నాకు అరగదు. అన్నం పెట్టు, పొద్దున్నుంచి ఏమీ తినలే."

అతను నాలుగు రోజులుండి, పైకొమ్మలన్నీ రంపంతో కోసి మళ్ళీ బెంగళూరు వెళ్ళాడు. జూన్లో హాస్టలు తెరిచేసరికి మల్లె బతికే ఉంది. కరివేపాకు పిలకల్లో ఒకటి పోయింది, రెండు మిగిలాయి. సెలవుల్లో వాటికి తన అంట్లు తోమిన నీళ్ళు శశిరేఖ మేడమే పోసిందని వాచ్‌మన్ చెప్పాడు. మేడం మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. రూళ్ళలో లేదు కదా.

వాన ఆగస్టు చివర పడింది. పెద్ద వాన కాదు, చెరువు అడుగు తడిసేంత. నిమ్మచెట్టు ఆ జానెడు పచ్చిలోంచే రెండు చిగుళ్ళు వేసింది. ఇప్పుడవి మోకాలెత్తు. ఈ ఏడు సెలవులకు సాకమ్మ ఒక నెల బెంగళూరు పోతానంది. అడగకుండా తనే అంది. అప్పటిదాకా లింగమయ్య రోజూ పొద్దున ఫోన్ చేస్తాడు.

"డబ్బా నింపినావా?"

"నింపినా. నేను తిన్నానా అని మాత్రం అడగవు."

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

అతను ఏదో చెబుతాడు, ఆమె నమ్మదు.

మొన్న నా అడుగు చిల్లులోంచి ఒక వేరు లోపలికి వచ్చింది. సన్నగా, తెల్లగా ఉంది. నిన్నటికి రెండయ్యాయి.