జాబితాలోంచి తీసేసిన చిత్తడి

వరదలకూ ఎండలకూ ఊళ్ళు తట్టుకునేలా కట్టుదిట్టాలు చేయాలి, అడవులనూ చిత్తడి నేలలనూ ఎవరూ నాశనం చేయకుండా కాపాడాలి. కేంద్ర సభ ముందున్న ఆ బిల్లు సారం ఇదే. దాన్ని తెచ్చిన సభ్యురాలికి జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. బిల్లు మాత్రం ఏళ్ళ తరబడి ఉపసంఘం గుమ్మం దాటలేదు.

ఆ మధ్యాహ్నం ఉపసంఘం అధ్యక్షుడు ఆమెను తన గదికి పిలిచాడు. తలుపు తనే వేసి వచ్చాడు.

"సరిపడా ఓట్లు వచ్చేలా ఉన్నాయండి. ఇన్నాళ్ళూ అడ్డుపడ్డవాళ్ళది ఒక్కటే మెలిక. రేవు పక్క చిత్తడిని కాపాడాల్సిన నేలల జాబితాలోంచి తీసేయాలట. అక్కడ గోదాములు కట్టాలని వాళ్ళ ఆశ. అది వదిలేస్తే మిగతావన్నీ ఒప్పుకుంటారు."

"అది మా ఊరిదండీ."

"తెలుసు. అందుకే ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు."

ఒకప్పుడు ఊరి వాన నీళ్ళన్నీ ఆ చిత్తడే తాగేసేది. ఒక అంచు పూడ్చినప్పటినుంచి ఆ నీళ్ళు అక్కడే ఆమె అన్నయ్య నడిపే లాండ్రీలోకి వస్తున్నాయి. ఉతకడానికొచ్చిన ఆసుపత్రి దుప్పట్లు మురికినీళ్ళలో తేలుతుంటే చూసిన రోజునే ఆమెకు ఈ బిల్లు ఆలోచన వచ్చింది.

కాదంటే బిల్లు మళ్ళీ అటకెక్కుతుంది. కొండల్లో అడవులున్నాయి, ఇంకా ఎన్నో చిత్తడి నేలలున్నాయి, వాటి పక్కన ఎవరెవరివో ఇళ్ళున్నాయి. పోట్లాడే ఓపిక కోసం తనలో తాను వెతుక్కుంది. దొరకలేదు. న్యాయమని ఒప్పుకుంటోందో, అలసిపోయి ఒప్పుకుంటోందో ఆమెకే తేలలేదు.

"తీసేయండి," అంది.

బిల్లు గట్టెక్కింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమెకు లేచి నిలబడాలనిపించలేదు.

తీరిక దొరకగానే రైలెక్కి ఊరెళ్ళింది. లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. అన్నయ్య తల ఎత్తకుండానే తడి దుప్పటి కొస ఒకటి ఆమెకు అందించాడు.

"టీవీలో చూశానులే. బాగా చిక్కిపోయావు."

"అన్నయ్యా, మనది..."

"మనది పోయింది. విన్నాను. గట్టిగా పట్టుకో."

చెరో కొసా లాగి పిండారు.

"ముందు నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు.

"అడిగితే ఏమనేవాడివి?"

"వద్దనేవాణ్ణి. తిట్టేవాణ్ణి కూడా." దుప్పటిని ఇంకో మెలి తిప్పి, "అందుకే అడగలేదు, అంతేగా?" అన్నాడు.

ఆమె తలూపింది.

వదిన లోపలినుంచి వచ్చి భర్తను కసిరింది. "వచ్చీ రాగానే పని చెప్పారా? చూడండి, నిలబడే నిద్రపోయేలా ఉంది."

"నిద్ర తర్వాత. వానలొచ్చేలోగా ఈ యంత్రాలన్నీ మేడెక్కాలి. మీ చట్టంలో బరువులు మోసే మనుషులుంటే పంపించు," అన్నాడతను చెల్లెలితో. వెటకారమే, కానీ గొంతులో పదును లేదు.

మర్నాడు పొద్దున్నే హమాలీలొచ్చారు. మెట్ల మలుపులో యంత్రం ఇరుక్కుంది. ఎవరూ అడగకపోయినా ఆమె వెళ్ళి దానికి కట్టిన తాడు పట్టుకుంది. అన్నయ్య ఆమె మోకాళ్ళ వంక ఓసారి చూశాడు. వద్దని మాత్రం అనలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నేను చెప్పాక లాగు," అన్నాడు.