నేను మందును కాదు

నేను ఒక క్యాను భారజలాన్ని. పేరు విని ఏదో గొప్ప అనుకోకండి. చూస్తే నీళ్లు, పోస్తే నీళ్లు. నాలో ఉన్న హైడ్రోజన్ మామూలుదానికంటే కాస్త బరువు, అంతే. మామూలు నీళ్లలో ఎక్కడో చుక్కలా కలిసి పడి ఉన్నదాన్ని, ఒక పెద్ద కర్మాగారంలో నానా తిప్పలూ పడి విడదీశారు. ఇంత హంగామా చేసి చివరికి నాకిచ్చిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, మనుషుల కడుపులో దూరి గూఢచారి పని చేయడం.

హైదరాబాద్ శివార్లలో డాక్టర్ మృణాళిని కాలేయంలో పేరుకునే కొవ్వుకు మాత్ర తయారుచేస్తోంది. ఆ మాత్ర మింగేవాళ్లకు రోజూ నన్ను కొంచెం తాగిస్తుంది. కాలేయం కొత్తగా కొవ్వు చేసుకుంటే అందులో నా బరువు హైడ్రోజన్ చేరుతుంది. తిన్న నూనెలో చేరదు. రక్తం తీసి యంత్రంలో పెడితే కొత్త కొవ్వు ఎంత వేగంగా తయారవుతోందో తేలిపోతుంది. నయం చేసే పని మాత్రది, చాడీలు చెప్పే పని నాది.

అలా చిన్న సీసాల్లో స్కూలు బస్సు డ్రైవరు మల్సూరు ఇంటికి చేరాను. భార్య అండాలు కోసం అతను తాగుడు మానేసి ఏళ్లయింది. కానీ కాలేయం నిండా కొవ్వుందని స్కానింగులో తేలినప్పటి నుంచి ఆమెకు నమ్మకం పోయింది.

"తాగనోనికి లివరెట్ల ఖరాబైతదయ్యా?"

"నీ మీద ఒట్టు, చుక్క ముట్టలే. కొత్త మందు కోసమే దవాఖానకు పోతున్న."

కొత్త మందు! ఆ ఒక్క మాటతో నా కొంప మునిగింది. బీరువాలో వరసగా పెట్టిన సీసాలు చూసి, అండాలు నన్ను మోరీలో పారబోసి, వాటిల్లో నల్లా నీళ్లు నింపింది.

మల్సూరు పాపం బుద్ధిగా నల్లా నీళ్లే తాగాడు. అతని రక్తంలో కొత్త కొవ్వు జాడే లేదు. అదంతా తన మాత్ర మహిమే అనుకుని మృణాళిని ఎగిరి గంతేసింది, ల్యాబంతా మిఠాయిలు పంచింది. నా బతుకులో నాకు జరిగిన పెద్ద సన్మానం నేను లేకపోవడం వల్లే జరిగింది. తర్వాత ఉమ్మి కూడా పరీక్షిస్తే అందులోనూ నేను లేను. ఒంట్లోకే వెళ్లనిదాన్ని కొవ్వులోకి ఎలా చేరతాను?

మొగుడూపెళ్లాలిద్దరినీ పిలిపించారు. అండాలు ఏమీ దాచలేదు.

"మందనుకొని నేనే పారబోసిన మేడం. ఈయన బస్సు నిండ పిల్లలుంటరు."

మృణాళినికి కోపం రావాలి, రాలేదు. "అవి నీళ్లేనమ్మా," అని కొత్త సీసాలు ఇచ్చింది.

ఈసారి అండాలే దగ్గరుండి తాగించింది. నేను ఒళ్లంతా తిరిగి, కాలేయంలో దూరి, చూసింది చూసినట్టు చెప్పాను. మాత్ర వేసుకోనివాళ్లతో పోలిస్తే కొత్త కొవ్వు బాగా తక్కువ. అయినా ఇంకా తయారవుతూనే ఉంది.

"మీ ఆయన రక్తంలో మద్యం జాడ లేదమ్మా," అంది మృణాళిని. "ఈ కొవ్వును కాలేయం చక్కెరతో చేసుకుంటున్నది. చాయ్‌లో ఎంత వేస్తారు?"

అండాలు మొహం పాలిపోయింది. తాగుడు మానాడన్న సంతోషంతో ఇన్నేళ్లూ పూటపూటకీ పాకంలాంటి చాయ్ కలిపిచ్చింది ఆమే.

"అయితే గా కొవ్వంత నేను పోసిందేనా మేడం?"

నిజం చెప్పినందుకు నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున అండాలు చక్కెర వేయని చాయ్ తెచ్చిచ్చి, అతని మొహమే చూస్తూ నిలబడింది. మల్సూరు ఒక గుక్క మింగి, "మస్తుగున్నదే," అన్నాడు.

అప్పటికి నేనింకా ఉమ్మిలో కలిసి అతని నాలుక మీదే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అది పచ్చి అబద్ధం. అండాలు నమ్మింది.