అందితే జుట్టు

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. నాకు నోరు లేదు. అంటే, ఆఫీసులో ఉంది. అక్కడ నా ఉద్యోగమే ఎదుటివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. "ఇది పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే "ఏదీ, చూపించు" అనడానికే నాకు జీతం ఇస్తారు. కానీ సెలూన్‌లో మెడ చుట్టూ ఆ నల్లగుడ్డ కట్టి, అద్దం ముందు కూర్చోబెట్టారా, పిల్లినైపోతాను. "అలాగేనండి" తప్ప ఇంకో మాట రాదు.

ఆ "అలాగేనండి" వల్లే ఒకసారి నా జుట్టు పోయింది. నాది గిరజాల జుట్టు, నానమ్మ పోలిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో "స్పా" అని చెప్పి ఏదో రాశారు. కొన్నాళ్ళు పరదాలా వేలాడింది. తర్వాత చీపురుపుల్లల్లా విరగడం మొదలెట్టింది. చివరికి చెవుల దాకా కత్తిరించేసి, మళ్ళీ మొదట్నుంచీ పెంచుకున్నాను. ఇప్పుడిప్పుడే భుజాలు దాటింది. జుట్టు కోసం ఇంత ప్రాణం పెట్టుకోవాలా అని మీకు అనిపిస్తే, మీది స్ట్రెయిట్ జుట్టని నాకు అర్థమైపోయింది.

అక్కది స్ట్రెయిట్ జుట్టే, అమ్మ పోలిక. తను వెళ్ళే సెలూన్‌లో ఒకావిడ ఉంది. ఆవిడ గురించి చెప్పేటప్పుడు అక్క గొంతు తగ్గిస్తుంది, పెద్ద డాక్టరు గురించి చెప్పినట్టు.

"ఆవిడది బంగారు చెయ్యే. ఒక్కసారి రావే."

"చివర్లు కత్తిరించాలంతే. మందూ మాకూ వద్దు."

"ఆ ముక్క నువ్వే చెప్పు. నీకు నోరు లేదా?"

అక్కడే పడింది దెబ్బ.

వెళ్ళాను. అక్క పచ్చరాళ్ళ దుద్దులు పెట్టుకుని మరీ వెళ్ళాను, అడక్కుండా. ఎడమ దుద్దులో ఒక రాయి ఊడిపోతే అక్క అక్కడ ఆకుపచ్చ నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. దూరం నుంచి తెలీదు. దగ్గర్నుంచి చూస్తే రాళ్ళు మెరుస్తుంటాయి, చుక్క ఏడుస్తుంటుంది.

బంగారు చెయ్యి నా జుట్టులోంచి ఒక పాయని రెండు వేళ్ళతో ఎత్తింది, చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు.

"అయ్యయ్యో. ఏంటండీ ఇది?"

"జుట్టండీ," అన్నాను. ఆ మాత్రం అనగలిగినందుకు నాకే గర్వమేసింది.

ఆవిడ నవ్వలేదు. అసిస్టెంట్ అమ్మాయిని పిలిచింది. ఇద్దరూ నా నెత్తి మీదుగా మాట్లాడుకున్నారు, ఆ కుర్చీలో మనిషి లేనట్టు. "చూడు, ఫుల్ డ్యామేజి." "అవును మేడం, పాపం." "దువ్వెన కూడా దిగదు." "పాపం మేడం." నేను అద్దంలో నవ్వుతూ కూర్చున్నాను. వాళ్ళు తిడుతున్నది నన్ను కాదు, నా మీద మొలిచిన దాన్ని అన్నట్టు.

"చివర్లు మాత్రం చాలండీ. కెమికల్స్ వద్దు."

"అస్సలు వాడం మేడం. మీకు ఏది మంచిదో నాకు తెలుసు కదా," అంటూ ఎడమ చెవి మీది జుట్టు తప్పించి, వెనక పక్కగా నిలబడి ఫోన్‌తో నా తలని ఫోటో తీసింది. ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో చూపించడానికట. "ముందు తల కడిగేద్దాం, రండి."

మీరు గమనించారా? కత్తెర కంటే ముందు నీళ్ళు. అదే వాళ్ళ విద్య. పొడి తలతో ఉన్న మనిషి లేచి వెళ్ళిపోగలదు. తడి తలతో ఎక్కడికి పోతుంది? రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. వీళ్ళు ఆ రోటికి మెత్తటి సీటూ, షవరూ పెట్టారు.

కుర్చీలో మళ్ళీ కూర్చున్నాక ఎడమ చెవి వెనక చల్లగా ఏదో తగిలింది. వెంటనే వాసన. కుళ్ళిన గుడ్డుని గులాబీ సెంటులో ముంచితే ఎలా ఉంటుందో అలా. నాకు ఆ వాసన తెలుసు. పోయినసారి "స్పా" కూడా సరిగ్గా ఇదే.

"ఇదేంటండీ?"

"కండిషనర్ మేడం. ఊరికే, పోషణకి."

డబ్బా వైపు చూశాను. పేరున్న వైపు గోడకి తిప్పి ఉంది. "ఏదీ, చూపించండి" అన్న మాట గొంతు దాకా వచ్చింది. రోజూ ఆఫీసులో పదిసార్లు అనే మాట. బంగారు చెయ్యి అద్దంలో నా కళ్ళలోకి చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు అంది, "ఇంత చదువుకున్నారు, మంచి ఉద్యోగం. తల మాత్రం ఇలా అడవిలా ఉంటే ఎవరు గౌరవిస్తారు చెప్పండి?"

"అలాగేనండి," అన్నాను.

సిగ్గు లేకుండా అన్నాను. చెవి వెనక చర్మం మండడం మొదలయ్యాక గానీ ఇంకో మాట పుట్టలేదు. అదైనా ఏ మాట? "బాత్రూమ్ ఎక్కడండీ?"

బాత్రూమ్‌లో కుళాయి కింద తల పెట్టి, వేళ్ళు నొప్పెట్టే దాకా కడిగాను. తర్వాత వెనక తలుపులోంచి రోడ్డు మీదకి వచ్చేశాను. మెడకి ఆ నల్లగుడ్డ అలాగే ఉంది. నడుస్తుంటే వెనకాల ఎగురుతోంది. అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరినైనా కాపాడటానికి పోతున్నాననుకున్నారేమో. నన్ను నేనే సరిగ్గా కాపాడుకోలేదు.

జుట్టు ఆరాక తెలిసింది. మిగతా తలంతా పెళ్ళివారిల్లులా గోలగోలగా ఉంటే, ఎడమ చెవి వెనక పాయ ఒక్కటి ఇన్విజిలేటర్‌లా నిటారుగా ఉంది. నవ్వొచ్చింది. తర్వాత కూర్చుని ఏడ్చాను.

అక్కకి చూపించాను. "నా పరువు తీశావు కదే! గుడ్డతో సహా పారిపోతావా? ముందు అది ఉతికి వాళ్ళకిచ్చిరా," అంది. పాయ వైపు చూసి, "ఇదొక్కటే బాగుంది," అంది.

కొన్నాళ్ళకి అక్క ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, చూడు! బంగారు చెయ్యి కొత్తగా పర్మింగ్ మొదలెట్టింది. స్ట్రెయిట్ జుట్టుకి మందు పెట్టి రింగులు తిప్పుతారట. చేస్తే ఇలా వస్తుందట. జుట్టంటే ఇదీ!"

అమ్మ తడిచేతులు తుడుచుకుని చూసింది. "అబ్బ, ఎంత ఒత్తుగా ఉందే!" నా వైపు తిరిగి, "నీదీ ఉంది, ఎందుకు?" అంది.

నేను చూశాను. వెనక నుంచి తీసిన తల, చెవి కనిపించకుండా అంచులు కత్తిరించిన ఫోటో. అవే గిరజాలు, కుడివైపు ఎప్పుడూ మాట వినని నా సుడి.

"అది నా తలే."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"నీ మొహం," అంది అక్క.

"మొహం కాదు, వీపు వైపు."

"అసూయ పడకే. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. పెరట్లో చెట్టుని ఫోటో తీసి గోడకి అంటిస్తే మాత్రం వీధంతా కొనుక్కుంటుంది. నా దగ్గర ఉన్నదాన్ని చంపడానికి ఒక డబ్బా, అదే అక్కకి పుట్టించడానికి ఇంకో డబ్బా. రెండూ ఒకే అల్మారాలోవి. ఆ అల్మారా ముందు నిలబడి "మీకు ఏది మంచిదో నాకు తెలుసు" అనే మనిషిని చూస్తే నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఆవిడ మీద కొంచెం మర్యాద మిగలాలి కదా.

కానీ అక్క జుట్టు అమ్మ జుట్టు. మందు పడితే ఏమవుతుందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. శనివారం, ఉతికిన నల్లగుడ్డ మడతపెట్టుకుని నేనూ వెళ్ళాను.

అక్క ముందే వెళ్ళిపోయింది. నేను గాజుతలుపు దగ్గర ఆగిపోయాను. తలుపు నిండా నేను. ఫోన్‌లో కత్తిరించిన ఫోటో ఇక్కడ పూర్తిగా ఉంది, ఎడమ చెవితో, దుద్దుతో సహా. పక్కన పెద్ద అక్షరాలు: "మా చేతి పని."

లోపల అక్క తల తడిసిపోయి ఉంది. బంగారు చెయ్యి చేతికి గ్లౌజులు వేసుకుంటోంది. అసిస్టెంట్ అమ్మాయి సీసా మూత తిప్పింది. అదే వాసన.

నన్ను చూడగానే బంగారు చెయ్యి మొహం ఒక్క క్షణం ఆగింది. "రండి మేడం, కూర్చోండి," అంది వెంటనే. నా కాళ్ళు కూర్చోబోయాయి, నిజంగా. మందు గురించి చెబితే అక్క వినదు. జుట్టు గురించి చెబితే నవ్వుతుంది. అక్క ఏం వింటుంది?

"అక్కా, నీ పచ్చరాళ్ళ దుద్దులు..."

తల ఠక్కున తిరిగింది. "ఏమయ్యాయి? పారేశావా?"

"లేదు. తలుపు మీద ఉన్నాయి. చూడు."

నీళ్ళు కారుతూ అక్క లేచొచ్చింది. గాజు మీద ముక్కు ఆనించి చూసింది. ఎడమ దుద్దు, మూడో రాయి దగ్గర ఆకుపచ్చ చుక్క.

"నా నెయిల్ పాలిష్!"

ఇరవై ఏళ్ళుగా పక్కమంచం మీద చూస్తున్న తలని గుర్తుపట్టలేదు మా అక్క. చుక్కని గుర్తుపట్టింది.

"అది కంపెనీవాళ్ళు పంపిన మోడల్ అండీ," అంది బంగారు చెయ్యి.

"మీ మోడల్ మా ఇంట్లో దొంగతనం చేసిందా మరి?" అంది అక్క. మెడ నుంచి గుడ్డ లాగేసింది. "మా చెల్లి తల అది! దానికి మీరు చేసిందేంటి?"

కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. అప్పుడు వచ్చింది నా నోరు. ఎడమ చెవి వెనక పాయ తీసి ముందుకి వేశాను.

"ఆవిడ చేసింది ఇదీ. కండిషనర్ అని రాసింది. ఏదీ, ఆ డబ్బా చూపించండి."

బంగారు చెయ్యి డబ్బా చూపించలేదు. నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. గొంతు తేనె. "మేడం, లోపలికి రండి, మాట్లాడుకుందాం. స్మూతెనింగే, జుట్టు సాపు చేసేదే, కొంచెమే. మీ జుట్టు ఎంత అందంగా ఉంటే పెట్టానండీ తలుపు మీద? అందరిముందూ వద్దమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మొన్న డ్యామేజి, ఇవాళ అందం. మధ్యలో మారింది వినేవాళ్ళ సంఖ్య మాత్రమే.

"ఆ బొమ్మ చింపండి," అన్నాను. చింపింది. అది గాజుకి అతుక్కుపోయి ముక్కలుముక్కలుగా ఊడింది. ఒక కుర్చీలోంచి ఒకావిడ తడి తలతోనే లేచి చెప్పులు వెతుక్కుంది. ఉతికిన గుడ్డ బల్ల మీద పెట్టి మేమూ వచ్చేశాం.

దారంతా అక్క జుట్టు పిండుకుంటూ నడిచింది. నన్నేమైనా అంటుందేమో, కనీసం "నీ జుట్టు బాగుందే" అంటుందేమో అని చూశాను. ఇంటి మలుపు దగ్గర అంది.

"అడక్కుండా నా దుద్దులు తీస్తే ఊరుకోను, చెప్తున్నా."

"అలాగేనండి," అన్నాను.

పాయని కత్తిరించలేదు. పైనుంచి కొత్త జుట్టు రింగులు తిరుగుతూ వస్తోంది. కింద ఆ ఇన్విజిలేటర్ వేలాడుతూనే ఉంది. ఎవరైనా నా తల పట్టుకుని "మీకు ఏది మంచిదో నాకు తెలుసు" అన్నప్పుడు దాన్ని తీసి చూపిస్తాను.

ఇక మీరు చెప్పండి. ఆ కుర్చీలోంచి మీరు ఏ అబద్ధమాడి లేచొచ్చారు? పాలు పొంగుతున్నాయన్నారా, ఫోనొచ్చిందన్నారా? లేక మొదటిసారి నాలాగా "అలాగేనండి" అని మందు పూర్తిగా రాయించుకునే వచ్చారా? ఏదైనా సరే రాయండి. నాకు బాత్రూమ్ ఒక్కటే తట్టింది. ఇంకో నాలుగు దగ్గరుంటే మంచిది.